కొత్త సర్వర్ మీద పాత డీటీఎస్ ప్యాకేజీ: 32, 64 బిట్ల ముడి ఎక్కడ పడుతుంది?

సర్వర్ మార్చిన మర్నాడు ఐటీ గదుల్లో తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: "నా మిషన్‌లో రన్ అవుతోందండీ, సర్వర్‌లోనే ఫెయిలవుతోంది." ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోకుండా రాత్రిళ్లు తన పని తాను చేసుకుపోయిన డీటీఎస్ ప్యాకేజీ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేటాను ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే పాత పనుల జాబితా), పదింతల మెమరీ ఉన్న కొత్త సర్వర్ మీద మొదటి నిమిషంలోనే చతికిలబడుతుంది. జాబ్ హిస్టరీ తెరిస్తే "క్లాస్ నాట్ రిజిస్టర్డ్" అని ఒక్క ముక్క ఉంటుంది. ఏ క్లాసో, ఎక్కడ రిజిస్టర్ కాలేదో చెప్పదు.

నిజానికి ఇది, మెమరీ చిరునామాలను 32కి బదులు 64 బిట్లలో రాసుకునే 64 బిట్ సర్వర్లు వచ్చిన రోజుల నాటి పేచీ. మళ్లీ చర్చలోకి రావడానికి కారణం వీబీస్క్రిప్ట్ అనే పాత మైక్రోసాఫ్ట్ స్క్రిప్ట్ భాష. దాన్ని విండోస్ నుంచి దశలవారీగా తొలగిస్తామని మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో ప్రకటించింది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నాటికి అది విండోస్‌లో విడదీయరాని భాగం కాకుండా, కావాలంటే ఉంచుకునే అదనపు ముక్కగా మారిపోయింది. డీటీఎస్ ప్యాకేజీల్లో అసలు తెలివంతా చాలాచోట్ల వీబీస్క్రిప్ట్‌లోనే ఉంది. అందుకే "మన పాత ప్యాకేజీలు ఎన్ని మిగిలాయి, అవి ఎక్కడ నడుస్తున్నాయి" అన్న లెక్క ఇప్పుడు చాలామంది తీస్తున్నారు.

ప్యాకేజీ అంటే ప్రోగ్రాం కాదు, పనుల చీటీ

డీటీఎస్ అంటే డేటా ట్రాన్స్‌ఫర్మేషన్ సర్వీసెస్. ఒకచోటి డేటా తీసి, కాస్త మార్చి, ఇంకోచోట పెట్టే పనిముట్టు. 1998లో ఎస్‌క్యూఎల్ సర్వర్ 7.0తో వచ్చింది, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000లో బాగా ఎదిగింది. (మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచిందీ 1998లోనే. ఆ తర్వాతి కాలంలో అమెరికా క్లయింట్ల డీటీఎస్ జాబ్‌లకు నైట్ షిఫ్టులో కాపలా కాసిన తెలుగువాళ్లు ఈ వ్యాసం చదివేవారిలో కొందరైనా ఉంటారు.) 2005లో దీని స్థానంలోకి ఎస్ఎస్ఐఎస్, అంటే ఇంటిగ్రేషన్ సర్వీసెస్ వచ్చింది. పేరొక్కటే కాదు, లోపలి కట్టడం మొత్తం వేరు.

ప్యాకేజీని తెరిచి చూస్తే డబ్బాలు, బాణాలు కనిపిస్తాయి. ఫలానా ఫైల్ చదువు, ఫలానా టేబుల్‌లో నింపు, ఈ ఎస్‌క్యూఎల్ నడుపు, ఈ స్క్రిప్ట్ నడుపు, అయ్యాక మెయిల్ పంపు. ఇక్కడ గుర్తుంచుకోవలసింది, ఈ పనుల్లో చాలా వాటిని ప్యాకేజీ సొంతంగా చేయదు. ఎక్సెల్ ఫైల్ చదవాలంటే జెట్ అనే డ్రైవర్‌ని, అంటే ఆ రకం ఫైల్ చదవడం తెలిసిన సహాయక ప్రోగ్రాంని, పిలుస్తుంది. ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ ప్రోగ్రాం టేబుల్‌కి ఇంకో డ్రైవర్‌ని పిలుస్తుంది. స్క్రిప్ట్ నడపాలంటే వీబీస్క్రిప్ట్ ఇంజిన్ కావాలి. ప్యాకేజీ అనేది పెళ్లి భోజనాలకు మేస్త్రి రాసిచ్చిన చీటీ లాంటిది. చీటీ ఉన్నంత మాత్రాన వంట కాదు, అందులో రాసిన ప్రతి మనిషీ ఆ ఊళ్లో ఉండాలి. సర్వర్ మార్చడమంటే చీటీని ఇంకో ఊరికి తీసుకెళ్లడం.

"64 బిట్" అనే ఒక్క మాట నాలుగు చోట్ల

"మాది 64 బిట్ సర్వర్" అన్నప్పుడు ఆ మాట నాలుగు వేర్వేరు వస్తువుల గురించి కావచ్చు. ప్రాసెసర్ ఒకటి. దాని మీద విండోస్ రెండోది. ఆ విండోస్ మీద ఎస్‌క్యూఎల్ సర్వర్ మూడోది. ప్యాకేజీని నడుపుతున్న ప్రాసెస్, అంటే ఆ క్షణాన మెమరీలో ఉన్న ప్రోగ్రాం, నాలుగోది.

ప్యాకేజీకి నేరుగా తగిలేది ఈ నాలుగోదే. డీటీఎస్ రన్‌టైమ్, అంటే ప్యాకేజీని నడిపే భాగం, 32 బిట్‌లో మాత్రమే ఉంది. దానికి 64 బిట్ రూపం మైక్రోసాఫ్ట్ ఇవ్వలేదు. అయినా 64 బిట్ ప్రాసెసర్ మీద, 64 బిట్ విండోస్ మీద అది నడుస్తుంది. ఎందుకంటే విండోస్‌లో వావ్64 అనే పొర ఉంది. 32 బిట్ ప్రోగ్రాములకు తాము పాత విండోస్‌లోనే ఉన్నామన్న భ్రమ కల్పించడం దాని పని. ఆ భ్రమ కోసమే 32 బిట్ ప్రోగ్రాములకు విడిగా ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86 అనే ఫోల్డర్, విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో విడిగా ఒక గది ఉంటాయి.

పేర్లు మాత్రం తికమక పెడతాయి. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో ఉండేవి 32 బిట్ ఫైళ్లు! తలకిందులుగా ఉన్నా పొరపాటు కాదు. సిస్టమ్32 అన్న పేరును తమ కోడ్‌లో నేరుగా రాసేసుకున్న ప్రోగ్రాములు కోకొల్లలు. వాటిని 64 బిట్‌కి మార్చేటప్పుడు ఆ పేరు అలాగే పనిచేయాలని పాత పేరు ఉంచేశారు. ఈ ఒక్క పేరు వల్ల వృథా అయిన గంటలు ఎవరైనా లెక్కగడితే బాగుండు.

ప్రాసెసర్ దగ్గరే ఆగిపోయే సందర్భం ఒకటుంది: ఇటానియం. ఇంటెల్ 2001లో తెచ్చిన 64 బిట్ ప్రాసెసర్ ఇది. ఆప్టెరాన్‌తో 2003లో ఏఎండీ తెచ్చిన ఎక్స్64 దారి వేరు, దీని దారి వేరు. ఇటానియం విండోస్ మీద డీటీఎస్‌కి 32 బిట్ మద్దతు కూడా లేదు. ప్యాకేజీ తయారు చేయడం, చూడటం, నడపడం ఏదీ కుదరదు. ఇప్పుడు ఇటానియం సర్వర్ ఎక్కడా కంటబడదు గానీ, "64 బిట్ మీద డీటీఎస్ అసలు నడవదు" అన్న పాత మాటకు మూలం కొంతవరకు అదే. ఎక్స్64 విషయంలో ఆ మాట నిజం కాదు.

మీటర్ గేజ్ పెట్టె, బ్రాడ్ గేజ్ పట్టా

గుంతకల్లు స్టేషన్‌లో ఒకప్పుడు మీటర్ గేజ్, బ్రాడ్ గేజ్ రెండూ ఉండేవి. మీటర్ గేజ్ పెట్టెని బ్రాడ్ గేజ్ పట్టాల మీద ఎక్కించలేరు. కానీ పెట్టెలోని సరుకుని ప్లాట్‌ఫాం మీద దించి అవతలి బండిలోకి ఎక్కించుకోవచ్చు.

32, 64 బిట్ల సంబంధం సరిగ్గా ఇలాంటిదే. ఒక ప్రాసెస్ ఏదైనా డ్రైవర్‌ని వాడుకోవాలంటే ఆ డ్రైవర్ ఫైల్‌ని తన మెమరీలోకి ఎక్కించుకోవాలి. 32 బిట్ ప్రాసెస్‌లోకి 64 బిట్ డ్రైవర్ ఎక్కదు, 64 బిట్ ప్రాసెస్‌లోకి 32 బిట్ డ్రైవర్ ఎక్కదు. ఇక్కడ రాజీ లేదు. రెండు విడి ప్రాసెస్‌లు నెట్‌వర్క్ మీదుగా డేటా ఇచ్చిపుచ్చుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. అందుకే 32 బిట్ డీటీఎస్ ప్యాకేజీ 64 బిట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోకి లక్షల వరసలు నిక్షేపంగా నింపగలదు.

ఒకే ప్యాకేజీని మూడు రకాలుగా పిలిచి చూస్తే ఈ తేడా తెలుస్తుంది.

ఎస్‌క్యూఎల్ ఏజెంట్ (వేళకి పనులు మొదలుపెట్టే సర్వీస్) జాబ్‌లో కమాండ్ స్టెప్ పెట్టి డీటీఎస్‌రన్ అనే ప్రోగ్రాంని పిలిచామనుకోండి. ఏజెంట్ 64 బిట్. అయినా అది డీటీఎస్‌రన్‌ని విడి ప్రాసెస్‌గా మొదలుపెడుతుంది, డీటీఎస్‌రన్ 32 బిట్. సరుకు ప్లాట్‌ఫాం మీద చేతులు మారింది, ప్యాకేజీ నడుస్తుంది.

అదే ప్యాకేజీని స్టోర్డ్ ప్రొసీజర్ (డేటాబేస్‌లోనే దాచిన ఎస్‌క్యూఎల్ కోడ్) లోంచి ఎస్‌పీ ఓఏ క్రియేట్ అనే కమాండ్‌తో పిలిచామనుకోండి. అప్పుడు డీటీఎస్ ఫైళ్లు ఎస్‌క్యూఎల్ సర్వర్ ప్రాసెస్ లోపలికే ఎక్కాలి. అది 64 బిట్. ఎక్కవు. పాత సర్వర్‌లో రెండూ 32 బిట్ కాబట్టి ఇదే కోడ్ పనిచేసింది.

మూడోది డాట్‌నెట్ అప్లికేషన్ లోంచి పిలవడం. "ఎనీ సీపీయూ" అని కంపైల్ చేసిన ప్రోగ్రాం 32 బిట్ విండోస్‌లో 32గా, 64 బిట్ విండోస్‌లో 64గా నడుస్తుంది. కోడ్‌లో అక్షరం మారకపోయినా కొత్త మెషిన్ మీద 80040154 అనే ఎర్రర్ నంబర్ వస్తుంది. క్లాస్ నాట్ రిజిస్టర్డ్‌కి ఇంకో ముసుగు అది. క్లాసు రిజిస్టర్ అయ్యే ఉంటుంది, కాకపోతే రిజిస్ట్రీలో 32 బిట్ గదిలో. వెతికిన ప్రాసెస్ 64 బిట్ గదిలో చూసి లేదంది.

ఎవరి మెషిన్ మీద నడుస్తోంది?

బిట్ల గొడవ కంటే ఎక్కువమందిని తప్పుదోవ పట్టించే విషయం ఇది. ప్యాకేజీ ఎక్కడ దాచి ఉందో అక్కడే నడుస్తుందని అనుకుంటాం. అలా కాదు. ప్యాకేజీ మామూలుగా దాచి ఉండేది సర్వర్‌లోని ఎంఎస్‌డీబీ డేటాబేస్‌లో. నడిచేది మాత్రం దాన్ని ఎవరు మొదలుపెడితే వారి మెషిన్ మీద. మీ డెస్క్‌టాప్‌లో ఎంటర్‌ప్రైజ్ మేనేజర్ (ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000 నిర్వహణ ప్రోగ్రాం) తెరిచి రన్ నొక్కితే అది మీ డెస్క్‌టాప్ మీద, మీ డ్రైవర్లతో, మీ లాగిన్‌తో, మీ జెడ్ డ్రైవ్‌తో నడుస్తుంది. అదే ప్యాకేజీ రాత్రి జాబ్‌గా మొదలైతే సర్వర్ మీద, సర్వీస్ అకౌంట్ పేరుతో నడుస్తుంది.

మొదట్లో చెప్పిన "నా మిషన్‌లో రన్ అవుతోందండీ" అన్న మాటకు అర్థం ఇదే. అబద్ధం కాదు, పరీక్షించింది వేరే మెషిన్‌ని, అంతే.

ఒక ఎరువుల డీలర్ రాత్రి జాబ్, మెట్టు మెట్టుగా

ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. ఒక ఎరువుల డీలర్‌కి పన్నెండు బ్రాంచిలున్నాయి. బ్రాంచిల్లో బిల్లింగ్ ఇంకా ఫాక్స్‌ప్రోలోనే. అమీర్‌పేటలో ఫాక్స్‌ప్రో నేర్చుకున్న తరం రాసిన ప్రోగ్రాం, ఇప్పటికీ మొండిగా నడుస్తోంది. ప్రతి రాత్రి బ్రాంచి ఫైళ్లు జిప్ చేసి పంపుతారు. ప్యాకేజీకి ఆరు మెట్లు: జిప్ విప్పడం, ఫాక్స్‌ప్రో ఫైళ్లు చదవడం, తేదీలు సరిచేయడం, అమ్మకాలను స్టాక్‌తో కలపడం, ఎక్సెల్ రిపోర్టు రాయడం, మెయిల్ పంపడం. పాత సర్వర్ విండోస్ 2003, 32 బిట్. కొత్తది ఎక్స్64, దాని మీద ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008 ఆర్2, డీటీఎస్ కోసం విడిగా పెట్టిన పాత భాగాలు.

జిప్ విప్పే మెట్టు డాస్ కాలపు 16 బిట్ ప్రోగ్రాంని పిలుస్తోంది. 32 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములను నడిపే పొర ఉండేది. 64 బిట్ విండోస్‌లో ఆ పొర తీసేశారు. ఇక్కడ 32 బిట్ మోడ్ అన్న మందు కూడా పనిచేయదు. మెట్టు ఫెయిల్.

రెండో మెట్టులో విజువల్ ఫాక్స్‌ప్రో ఓడీబీసీ డ్రైవర్ (ఓడీబీసీ అంటే రకరకాల డేటాబేస్‌లను ఒకే పద్ధతిలో చేరే ఏర్పాటు). ఇది 32 బిట్‌లో మాత్రమే ఉంది, కానీ ప్యాకేజీ కూడా 32 బిట్టే కాబట్టి రెండింటికీ జోడీ కుదరాలి. కుదరలేదు. ఎందుకు? సర్వర్ మనిషి కంట్రోల్ పానెల్‌లో ఓడీబీసీ తెరిచాడు, డ్రైవర్ల జాబితాలో ఫాక్స్‌ప్రో కనిపించలేదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేశాడు, మళ్లీ కనిపించలేదు. ఆ విండోస్‌లో కంట్రోల్ పానెల్ తెరిచేది 64 బిట్ ఓడీబీసీ కిటికీ. 32 బిట్ కిటికీ సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉంది, రెండు ప్రోగ్రాముల పేరూ ఒకటే! సిస్టమ్ డీఎస్ఎన్‌లు, అంటే పేరు పెట్టి దాచిన కనెక్షన్ వివరాలు, ఈ రెండు కిటికీలకూ విడివిడిగా ఉంటాయి. ఒకచోట పెట్టింది రెండోచోట వాడే ప్రోగ్రాంకి అందదు. విండోస్ సర్వర్ 2012 నుంచి మెనూలో 32 బిట్, 64 బిట్ అని విడిగా రాశారు. అప్పటిదాకా గుడ్డిలో మెల్ల కూడా లేదు.

మూడోది తేదీల స్క్రిప్ట్. ఇది అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే ఇది ఫెయిలవదు. బ్రాంచి ఫైల్లో తేదీ అక్షరాల్లో ఉంది: 03/04/2012, అంటే ఏప్రిల్ 3. వీబీస్క్రిప్ట్ దాన్ని తేదీగా మార్చేటప్పుడు ఆ అకౌంట్‌కి ఉన్న ప్రాంతీయ సెట్టింగ్ చూస్తుంది. పాత సర్వర్‌లో ఎవరో భారతీయ పద్ధతి పెట్టారు. కొత్త సర్వర్ సర్వీస్ అకౌంట్‌కి అమెరికా పద్ధతే ఉండిపోయింది. దాంతో ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయింది. మరి 13/04/2012? పదమూడో నెల లేదు కాబట్టి వీబీస్క్రిప్ట్ తనంతట తాను తిరగేసి ఏప్రిల్ 13గా సరిగ్గా చదివింది. ఫలితం: 4వ తేదీకి 4వ నెల కాబట్టి ఆ ఒక్కరోజు యాదృచ్ఛికంగా ఒప్పు, 12 దాకా మిగతా రోజులన్నీ తప్పు, 13 నుంచి నెలాఖరు దాకా మళ్లీ ఒప్పు. ఎవరైనా నెల మధ్యలో పరీక్షించి చూస్తే అంతా బాగుందనే చెబుతారు.

నాలుగో మెట్టులోని ఎస్‌క్యూఎల్‌లో పాతకాలపు అవుటర్ జాయిన్ (జోడీ దొరకని వరసలనూ ఉంచుతూ రెండు టేబుళ్లను కలపడం) ఉంది, నక్షత్రం పక్కన ఈక్వల్ గుర్తు పెట్టి రాసేది. డేటాబేస్ కంపాటిబిలిటీ లెవెల్ (ఏ వెర్షన్‌లా నడుచుకోవాలో చెప్పే అంకె) 80లో ఉన్నంతకాలం 2008 ఆర్2 దాన్ని ఒప్పుకుంటుంది. కొత్త సర్వర్‌కి వచ్చాం కదా అని ఎవరో లెవెల్ 100 చేశారు. ఎర్రర్. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012లో అయితే లెవెల్ 80 అసలు లేనే లేదు.

అయిదో మెట్టు ఎక్సెల్ రిపోర్టుని జెడ్ డ్రైవ్‌లో రాస్తోంది. జెడ్ డ్రైవ్ ఒక మనిషి లాగిన్ అయినప్పుడు తగిలించుకున్న కొక్కెం. లాగిన్ లేకుండా నడిచే సర్వీస్ అకౌంట్‌కి అది కనపడదు. పాత సర్వర్‌లో లాగిన్ స్క్రిప్ట్‌తోనో మరోలాగో ఎవరో ఏదో ఏర్పాటు చేసే ఉంటారు, రాసిపెట్టలేదు.

మెయిల్ మెట్టుకి సర్వర్ మీద అవుట్‌లుక్ ఉండాలి, ఆ అకౌంట్‌కి మెయిల్ ప్రొఫైల్ ఉండాలి, అది కూడా 32 బిట్ అవుట్‌లుక్. కొత్త సర్వర్‌లో అవుట్‌లుక్కే లేదు.

ఆరు మెట్లలో బిట్ల వల్ల పడినవి ఎన్ని? మొదటిది కచ్చితంగా. రెండోది బిట్ల తికమక వల్ల. ఆరోదానిలో కాస్త. తేదీ, జాయిన్, జెడ్ డ్రైవ్, ఈ మూడింటికీ 64 బిట్‌కీ ఏ సంబంధమూ లేదు. కొత్త సర్వర్ 32 బిట్‌దే అయినా అవి పడేవే. సర్వర్ మార్పులో అన్నీ ఒకే రాత్రి మారతాయి కాబట్టి నింద మొత్తం కొత్త హార్డ్‌వేర్ మీద పడుతుంది.

కోర్లు పెరిగితే వేగం పెరుగుతుందా?

కొత్త సర్వర్‌లో 256 జీబీ మెమరీ ఉందనుకుందాం. 32 బిట్‌లతో రాయగల చిరునామాలు 2ను 32 సార్లు గుణించినన్ని, అంటే 429 కోట్ల పైచిలుకు బైట్లు, 4 జీబీ. మామూలు 32 బిట్ ప్రాసెస్‌కి అందులో సగం, 2 జీబీ మాత్రమే దక్కుతుంది. పెద్ద చిరునామాలు తట్టుకునేలా కట్టిన ప్రోగ్రాంకి 64 బిట్ విండోస్‌లో 4 జీబీ దాకా దొరుకుతుంది. మిగతాదంతా ప్యాకేజీకి దూరపు కొండ. అయితే డీటీఎస్ వరస తర్వాత వరస తోసుకుంటూ పోతుంది తప్ప మొత్తం మెమరీలో పోగేయదు కాబట్టి, ఆచరణలో ఈ హద్దు తగలడం అరుదు.

వేగం సంగతి వేరు. ఒక మెట్టులో ప్రతి వరసకీ స్క్రిప్ట్ నడుస్తోంది, వరసకి 0.2 మిల్లీసెకన్లు పడుతోందనుకోండి. 20 లక్షల వరసలకి 400 సెకన్లు. కొత్త సర్వర్‌లో ఒక్కో కోరు రెండింతలు వేగమైతే 200 సెకన్లు అవుతుంది. కోర్లు 4 నుంచి 32 అయినంత మాత్రాన ఈ 200 తగ్గదు, ఎందుకంటే ఆ మెట్టు ఒక్క థ్రెడ్‌లోనే, అంటే ఒకసారికి ఒక్క కోరు మీదే, నడుస్తుంది. ఒకదానికొకటి సంబంధం లేని మెట్లు పక్కపక్కన నడవచ్చు. ప్యాకేజీలో ఒకేసారి నడిచే మెట్ల సంఖ్య మామూలుగా 4 అని ఉంటుంది, మార్చుకోవచ్చు.

మార్చుకున్నప్పుడు వచ్చే చిక్కు ఇంకోటుంది. జెట్, ఎక్సెల్, డీబేస్, పారడాక్స్ డ్రైవర్లు ఏకకాలంలో పలు థ్రెడ్‌లకు తట్టుకునేలా రాసినవి కావు. అలాంటి మెట్లను ప్యాకేజీ ప్రధాన థ్రెడ్ మీదే నడపాలన్న టిక్ డిజైనర్‌లో ఉంది. ఒకే కోరు ఉన్న పాత పెట్టెలో ఆ టిక్ లేకపోయినా నెట్టుకొచ్చిన ప్యాకేజీ, నిజంగా నాలుగు మెట్లు ఒకేసారి నడిచే కొత్త పెట్టెలో వారానికోసారి కారణం లేకుండా పడిపోతుంది. మళ్లీ నడిపితే బాగానే ఉంటుంది. ఇలాంటివి పట్టుకోవడం మహా కష్టం.

ఏ వెర్షన్ దాకా ఎంత మద్దతు

ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005, 2008, 2008 ఆర్2 ఈ మూడూ డీటీఎస్ ప్యాకేజీలను పాతవాటికిచ్చే రాయితీ కింద నడపనిచ్చాయి. 2008 నుంచి రన్‌టైమ్‌ని, డిజైనర్‌ని విడిగా తెచ్చి పెట్టుకోవాలి. డిజైనర్ తెరుచుకోవాలంటే కొన్ని ఫైళ్లు చేత్తో కాపీ చేయాల్సిన అవస్థ కూడా ఉంది. ఎస్ఎస్ఐఎస్‌లోంచి డీటీఎస్ ప్యాకేజీని పిలిచే టాస్క్ ఒకటి ఇచ్చారు. అది వాడితే పిలిచే ఎస్ఎస్ఐఎస్ ప్యాకేజీ కూడా 32 బిట్ మోడ్‌లోనే నడవాలి. 2008 జాబ్ స్టెప్‌లో "32 బిట్ రన్‌టైమ్ వాడు" అనే టిక్ ఉంది. 2005లో ఆ టిక్ లేక, ఎస్ఎస్ఐఎస్ ప్యాకేజీలు నడిపే ప్రోగ్రాం డీటీఎగ్జెక్ 32 బిట్ రూపం ఉన్న పూర్తి దారి రాసి పిలిచేవారు.

2012తో తలుపు మూసేశారు. రన్‌టైమ్ మద్దతు, పిలిచే టాస్క్, మార్పిడి విజార్డ్ మూడూ పోయాయి. 2000 నాటి డేటాబేస్ బ్యాకప్‌ని 2012లో నేరుగా రిస్టోర్ చేయడమూ కుదరదు, మధ్యలో 2008 ఆర్2 లాంటి వెర్షన్‌లో ఒక మజిలీ చేయాల్సిందే. మైక్రోసాఫ్ట్ మద్దతు తేదీలు చూస్తే ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000కి 2013 ఏప్రిల్ 9, విండోస్ సర్వర్ 2003కి 2015 జులై 14, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008 ఆర్2కి 2019 జులై 9న గడువు తీరిపోయింది.

ఉంచేయాలనేవారు, మార్చేయాలనేవారు

పాత సర్వర్‌ని యథాతథంగా వర్చువల్ మెషిన్‌గా మార్చి కొత్త హార్డ్‌వేర్ మీద పెట్టేద్దామనేది ఒక వాదన. దీన్ని బద్ధకమని కొట్టిపారేయలేం. పైన చెప్పిన ఆరు మెట్లలో ఒక్కటీ పడదు, ఎందుకంటే లోపల అంతా పాత విండోసే. 16 బిట్ జిప్ కూడా నడుస్తుంది. రాసినవాళ్లు ఉద్యోగం మారిపోయి, లోపల ఏముందో తెలియనప్పుడు, తెలియనిదాన్ని కదపకపోవడం తెలివైన పనే. అయితే చిక్కు ఆ మెషిన్ లోపల లేదు, చుట్టుపక్కల ఉంది. విండోస్ 2003కి ఫైల్ షేర్ల కోసం ఎస్ఎంబీ1 అనే పాత పద్ధతి తప్ప తెలియదు. కొత్త విండోస్ సర్వర్లలో ఎస్ఎంబీ1ను మామూలుగా పెట్టడమే మానేశారు. విండోస్ 2003కి టీఎల్ఎస్ 1.2 (నెట్‌వర్క్ మీద మాటలను గుప్తంగా ఉంచే పద్ధతి) కూడా రాదు. భద్రత కోసం పాత టీఎల్ఎస్‌లను ఆపేసిన డేటాబేస్ సర్వర్ దాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. పాతదాన్ని బతికించడానికి చుట్టూ ఉన్న కొత్తవాటి తాళాలు వదులు చేయాల్సి వస్తుంది. భద్రతా ఆడిట్ ఉన్న సంస్థలో ఈ వాదన సాధారణంగా అక్కడే ఆగుతుంది.

డేటాబేస్ కొత్త వెర్షన్‌కి వెళ్లిపోయి, ప్యాకేజీలు నడపడానికి మాత్రం 2008 ఆర్2 ఉన్న ఒక చిన్న ఎక్స్64 మెషిన్ ఉంచడం మధ్యేమార్గం. సరుకు ప్లాట్‌ఫాం మీద చేతులు మారుతుంది కాబట్టి సాంకేతికంగా ఇది కుదిరేదే. టీఎల్ఎస్ ముడి ఇక్కడా ఉంది: డీటీఎస్ డేటాబేస్‌తో మాట్లాడటానికి వాడే పాత ఓఎల్ఈడీబీ ప్రొవైడర్‌కి టీఎల్ఎస్ 1.2 రాదు.

విజార్డ్‌తో ఎస్ఎస్ఐఎస్‌కి మార్చడం పైకి చౌకగా కనిపిస్తుంది. అసలు ప్యాకేజీని ముట్టుకోకుండా కొత్తది తయారు చేస్తుంది, సాదా కాపీలు, ఎస్‌క్యూఎల్ మెట్లు బాగానే దాటుతాయి. దాటలేనివాటిని ఆ పాత డీటీఎస్‌ని పిలిచే టాస్క్‌లో మూటగట్టి పెట్టేస్తుంది. అంటే మారినట్టు కనిపిస్తుంది, లోపల డీటీఎస్సే ఉంటుంది. వీబీస్క్రిప్ట్ మెట్లను 2008లో అలాగే తెచ్చుకున్నవాళ్లకి 2012లో ఇంకో దెబ్బ తగిలింది. ఎస్ఎస్ఐఎస్‌లోని ఆ స్క్రిప్ట్ టాస్క్‌నే అప్పుడు ఎత్తేశారు.

మొత్తం తిరగరాయాలనేవారి వాదన దీర్ఘకాలానికి బలమైనదే. ఖర్చు మాత్రం ప్యాకేజీల సంఖ్యని బట్టి ఉండదు, వాటిలోని స్క్రిప్ట్‌ని బట్టి ఉంటుంది. 120 ప్యాకేజీలున్నాయనుకుందాం. 70 ఊరికే టేబుల్ కాపీలైతే అవి కొన్నాళ్ల పని. 20లో వందల గీతల వీబీస్క్రిప్ట్ ఉంటే, ఆ ఇరవైకే నెలలు పడతాయి. మిగిలిన 30 అసలు ఎవరైనా వాడుతున్నారా? ప్యాకేజీ లాగింగ్ పెట్టి ఉంటే ఎంఎస్‌డీబీలోని లాగ్ టేబుళ్లలో, లేదంటే జాబ్ హిస్టరీలో ఆ సంగతి తెలుస్తుంది. ఏళ్లుగా కదలని ప్యాకేజీలు బయటపడటం మామూలే. నా లెక్కలో తిరగరాసే ముందు అన్నిటికన్నా లాభసాటి పని ఈ ఏరివేతే. నాలుగు వాదనల వాళ్లూ దీన్ని కాదనరు.

ఏ దారి పట్టినా, లోపల ఏముందో చదవగలగాలి. ఎంఎస్‌డీబీలో ప్యాకేజీ బైనరీ ముద్దగా ఉంటుంది. ఇప్పటి మేనేజ్‌మెంట్ స్టూడియో దాన్ని తెరవలేదు. డీటీఎస్ డిజైనర్ పనిచేసే మెషిన్ ఒక్కటైనా మిగిలి ఉన్నంతకాలం మాత్రం ప్యాకేజీని విజువల్ బేసిక్ ఫైల్‌గా సేవ్ చేసే వీలుంది. డబ్బాల అమరిక, పక్కన రాసుకున్న వ్యాఖ్యలు పోతాయి. కనెక్షన్లు, ఎస్‌క్యూఎల్, స్క్రిప్ట్, మెట్ల వరస మాత్రం సాదా అక్షరాల్లో వస్తాయి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. పాస్‌వర్డ్‌లు రావు. వాటి చోట, మీ పాస్‌వర్డ్ ఇక్కడ పెట్టండి అని ఒక గీత ఉంటుంది.